కంప్యూటరెక్కినా కేటలాగుకు మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల ఆధునికీకరణ అనగానే కంప్యూటర్లు కొనడం, పాత పుస్తకాలను స్కాన్ చేయించడం గురించే చర్చ సాగుతోంది. ఆ పుస్తకాలు పాఠకుడికి దొరికేలా చేసే కేటలాగు గురించి, దాన్ని తయారుచేసేవారి గురించి మాట్లాడేవారు తక్కువ. తెర మీద మాట కొడితే చాలు, ఇక సూచీకారుడెందుకనే వాదన కూడా వినిపిస్తోంది. అది సరికాదు.

పుస్తకాల వివరాలు రాసి సొరుగుల్లో పేర్చే పాత కేటలాగు కార్డులు పోయాయని నాకు బెంగ లేదు. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ రూపొందించిన, పుస్తక వివరాలను కంప్యూటరు చదవగలిగేలా నమోదు చేసే ‘మార్క్’ (MARC) పద్ధతి వల్లనే ఒక గ్రంథాలయం నమోదు చేసిన వివరాలను మరొకటి తేలిగ్గా వాడుకోగలుగుతోంది. అయితే పాత సొరుగులో శామ్యూల్ క్లెమెన్స్ పేరు వెతికినవారికి ‘మార్క్ ట్వేన్ చూడండి’ అనే కార్డు ఎదురయ్యేది. ఆ రెండు పేర్లూ ఒకరివేనని తెలిసినవారెవరో ప్రామాణిక నామాల పట్టికలో చేర్చి, దాన్ని కేటలాగుకు జతచేస్తేనే ఇప్పుడు కంప్యూటరైనా ఆ దారి చూపగలదు. రోమన్ లిపి వాడని భాషల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ: ఒకే రచయిత పేరును తలా ఒక రకంగా రోమన్ అక్షరాల్లోకి మారిస్తే, ఆయన పుస్తకాలు ముగ్గురు నలుగురు రచయితలవిగా చీలిపోతాయి. అన్ని భాషల లిపులనూ కంప్యూటరులో రాయనిచ్చే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా మూల లిపిలో వివరాలు నమోదు చేయకపోవడానికి సాకు లేదు.

పుస్తకం దేని గురించో చెప్పేందుకు సూచీకారుడు ఇచ్చే విషయ శీర్షికల సంగతీ అంతే. కలరా చరిత్ర మీద రాసిన పుస్తకం పేరులో ‘కలరా’ అనే మాట ఉండకపోవచ్చు. పోనీ పూర్తి పాఠంలో వెతికితే, ఆ మాట ఒక్కసారి దొర్లిన పుస్తకాలన్నీ వచ్చిపడతాయి.

గ్రంథాలయంలో ఏమున్నదో చూపడం కేటలాగు లక్ష్యాల్లో ఒకటని అమెరికన్ గ్రంథాలయ నిపుణుడు చార్లెస్ కట్టర్ 1876లోనే నిర్దేశించారు. ఇప్పుడు చందా కట్టి తెచ్చుకునే ఈ-పుస్తకాలు గడువు తీరగానే అందకుండా పోతాయి. ఎవరూ తొలగించకపోతే వాటి పేర్లు మాత్రం కేటలాగులో మిగిలిపోతాయి. పాఠకుడు నొక్కితే ఏమీ తెరుచుకోదు. అంటే ఉన్నదేదో, అద్దెకు తెచ్చినదేదో, పోయినదేదో ఎప్పటికప్పుడు సరిచూసే పని కొత్తగా వచ్చిపడిందన్నమాట.

కాబట్టి డిజిటలీకరణకు నిధులిచ్చేవారు సూచీకరణకు విడిగా కొంత కేటాయించాలి. మూల లిపిలో వివరాలు, సరిచూసిన రచయిత పేరు, విషయ శీర్షిక లేని స్కాన్‌ను పూర్తయిన పనిగా లెక్కగట్టి బిల్లు చెల్లించకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు