కణితికి రక్తం ఎలా అందుతోంది?

సంపాదకులకు,

నోటి క్యాన్సర్‌పై పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు గుట్కా, ఖైనీ దగ్గరే ఆగిపోతున్నాయి. లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదా. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలని అమెరికా సర్జన్, పరిశోధకుడు జుడా ఫోక్‌మన్ 1971లోనే అన్నారు. నోటి క్యాన్సర్ కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ (బయటి సంకేతాలను అందుకునే గ్రాహకం) తరచూ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. అది ప్రేరేపితమైతే కణం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా వదులుతుంది. దగ్గర్లోని రక్తనాళాల కణాలకున్న వేరే రిసెప్టర్లు ఆ ప్రోటీన్‌ను అందుకుంటాయి, నాళాలు కణితి వైపు కొమ్మలు వేస్తాయి. లైన్ మీద కొక్కెం వేసి దొంగ కరెంటు లాగినట్టే!

ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ మందును తల, మెడ క్యాన్సర్లకు అమెరికా 2006లో అనుమతించింది. అలాగని ఇంజెక్షన్‌తో పని అయిపోదు. కణితి వేరే దారి వెతుక్కుంటుంది. నోటి క్యాన్సర్‌కు ఇప్పటికీ ప్రధాన వైద్యం ఆపరేషనే.

మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ ఎలా ఉంటాయో ఫొటోలతో జిల్లా పేజీలో వేయండి.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం