వచ్చే వారం మీ బిల్లింగ్ మెషీన్‌ని మేమే హ్యాంగ్ చేస్తాం

మా దగ్గర బిల్లింగ్ మెషీన్లు తీసుకున్న కిరాణా షాపులు, టిఫిన్ సెంటర్ల వారికి ఒక మాట. సోమవారం నుంచి మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట షాపులతో మొదలుపెట్టి అందరి దగ్గరకీ వస్తాడు. మధ్యాహ్నం గిరాకీ పల్చగా ఉన్నప్పుడు వచ్చి, మీ కళ్ల ముందే మెషీన్‌ని కావాలని హ్యాంగ్ చేస్తాడు. కంగారు పడకండి.

మీ మెషీన్‌లో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు. దాని చిప్‌లోనే వాచ్‌డాగ్ అనే టైమర్ ఉంది. మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్, దాన్ని కొన్ని సెకన్లకోసారి పలకరించాలి. బస్తీలో రాత్రి వాచ్‌మన్ విజిల్ లాంటిదే, ఆగిందంటే ఏదో తేడా. సుమారు 15 సెకన్లు పలకరింపు లేకపోతే చిప్ ఎవర్నీ అడక్కుండా రీస్టార్ట్ చేసేస్తుంది. సెట్టింగ్ ఆన్ చేసి "ఉంది సార్" అనడం తేలికే. అది పనిచేస్తుందో లేదో మెషీన్ నిజంగా పడిపోతే గానీ తెలియదు. ఆ సంగతి ఆదివారం పొద్దున మీ రష్‌లో తెలియడం మాకిష్టం లేదు.

పడగొట్టడంలోనూ తిరకాసుంది. సిస్‌ఆర్‌క్యూ అనే కమాండ్‌తో కెర్నల్‌ని, అంటే లైనక్స్ గుండెకాయని, పడగొడతాం. కెర్నల్ పడిపోయాక తనంతట తానే లేచే సెట్టింగ్ ఒకటి వేరే ఉంది. అది ఆన్‌లో ఉంటే మెషీన్‌ని లేపింది వాచ్‌డాగో, కెర్నలో తేలదు. అందుకే టెస్టు అయ్యేదాకా దాన్ని సున్నాలో, అంటే ఆఫ్‌లో, పెడతాం.

ఫోర్క్ బాంబ్, అంటే తనని తానే కాపీ చేసుకుంటూ మెషీన్‌ని నింపేసే ప్రోగ్రామ్, వేస్తే కథ మారుతుంది. స్క్రీన్ కదలదు, బిల్లు రాదు. లోపల సిస్టమ్ మాత్రం ఎలాగో సందు చూసుకుని టైమర్‌ని పలకరిస్తూనే ఉండొచ్చు. వాచ్‌డాగ్ లెక్కలో అంతా క్షేమం! "లైటు వెలుగుతోంది, బిల్లు కదలట్లేదు" అని మీరు ఫోన్ చేసే రకం ఇలాంటిదే. అందుకే ఇకపై బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లను నడిపించే మేస్త్రీ) దగ్గర హాజరు వేయించుకోవాలి. వేయించుకోకపోతే సిస్టమ్‌డీ దాన్నొక్కదాన్నే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది.

కరెంటు పోయి మెమరీ కార్డు పాడైతే ఇవేవీ కాపాడవు, దానికి యూపీఎస్సే దిక్కు. సగం కొట్టిన బిల్లు కూడా పోతుంది, మళ్లీ కొట్టుకోవాలి. టెస్టుకు ముందు పాత బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి మీ చేతికే ఇస్తాం.

స్క్రీన్ బిగుసుకుంటే వెంటనే ప్లగ్ పీకకండి, ఒక్క నిమిషం ఆగండి. ఈ టెస్టుకు డబ్బులేం లేవు. పాతబస్తీ షాపులకు శుక్రవారం మేం రావడం లేదు, మిగతా రోజుల్లో మీకు కుదిరే టైమ్ మెసేజ్ పెట్టండి.