పోర్ట్ బ్లెయిర్‌లో మమ్మల్ని నిలబెట్టిన వాళ్లందరికీ

నేనూ మా ఆయనా అండమాన్ వచ్చి కుదురుకున్నామంటే చాలామంది చెయ్యి అందులో ఉంది. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, గారాచర్మాలో చిన్న అద్దె ఇల్లుంది, ఊళ్లో మా అమ్మావాళ్లకి నెలనెలా కొంత పంపగలుగుతున్నాం. సాయం చేసినవాళ్లకి ఎదురుపడి చెప్పబోతే "ఊరుకోమ్మా, ఇదేం పెద్ద విషయం" అని మాట దాటేస్తున్నారు. నాకు మాత్రం పెద్ద విషయమే, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేరూ పెట్టడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన ఏసీ, ఫ్రిజ్ మెకానిక్. నేను డీఎంఎల్‌టీ చేసి పలాసలో ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ ఇంట్లో మేము పాత పేరే అంటాం) ఒక హోటల్లో ఏసీల మెయింటెనెన్స్ పని ఉందని కబురొస్తే, ఉన్న సామాను కట్టుకుని విశాఖలో ఓడ ఎక్కాం. దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం, రెండున్నర రోజుల ప్రయాణం. హడ్డో రేవులో దిగి ఫోన్ చేస్తే, ఆ పనికి అప్పటికే వేరే మనిషిని పెట్టేసుకున్నామన్నారు. తిరిగి విశాఖ వెళ్లే ఓడ మళ్లీ ఎప్పుడో తెలియదు. విమానం టికెట్ కొనేంత డబ్బు చేతిలో లేదు. సామాను పక్కన పెట్టుకుని అక్కడే కూలబడ్డాం.

ఓడలో బంక్ క్లాస్‌లో మా పక్కన పడుకున్న అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) ఒకావిడ అప్పటికే ఆటో ఎక్కేసింది. మమ్మల్ని చూసి దిగి వచ్చింది. సంగతి విని, "ముందు ఇంటికి పదండి, అన్నం తిన్నాక ఆలోచిద్దాం" అంది. జంగ్లీఘాట్‌లో వాళ్ల ఇంటి మేడ మీద గది ఇచ్చింది. మాకు ఇల్లు దొరికేదాకా అక్కడే ఉన్నాం. అద్దె మాటెత్తితే కోప్పడేది. అప్పా, ఆ రోజు నువ్వు వెనక్కి తిరిగి చూడకపోతే మేమేమయ్యేవాళ్లమో నాకు ఇప్పటికీ ఊహకందదు. మా అమ్మకి కూడా ఇదే మాట చెప్పాను. నీకు ఉద్దానం జీడిపప్పు పంపిస్తానని తను పట్టుపడుతోంది, ఈసారి వద్దనకు.

జంగ్లీఘాట్ సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మన శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి తాతల కాలంలో వచ్చి, చేపల వేటనే నమ్ముకుని స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వీధిలో నడుస్తుంటే మన యాస వినిపించేది, ఆ మొదటి రోజుల్లో దానికే ప్రాణం లేచొచ్చేది. అప్పవాళ్ల బంధువు, బోట్లున్న మావయ్యగారు, మా ఆయన్ని వెంటబెట్టుకుని ఐస్ ప్లాంటుకి తీసుకెళ్లారు. బోటు వేటకి పోవాలంటే ముందు ఐస్ నింపుకోవాలి, ప్లాంటు ఆగితే బోట్లూ ఆగుతాయి. "కుర్రాడు పనిమంతుడు, నాదీ పూచీ" అన్నారట మావయ్యగారు. మా ఆయన పని ఆయన అప్పటికి చూడనే లేదు.

ఇంట్లో ఏసీలో ఉండే గ్యాస్ వేరు, ఐస్ ప్లాంటులో తిరిగే అమోనియా వేరు. లీకైతే కళ్లు మండుతాయి, ఊపిరాడదు, జాగ్రత్త లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. మా ఆయనకి ఆ పని కొత్త. అక్కడి ఫోర్‌మన్ తమిళాయన, అందరూ అన్నాచ్చి అంటారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, కొత్తవాడికి నేర్పాల్సిన అవసరం ఆయనకి ఏమీ లేదు. అయినా దగ్గరుండి నేర్పారు. గంధకం పూసిన వత్తి వెలిగించి పైపు జాయింట్ల వెంట మెల్లగా తిప్పమనేవారట. అమోనియా బయటికొస్తున్న చోట ఆ పొగ చిక్కగా, తెల్లగా లేస్తుంది. ముక్కుతో వాసన పట్టడం తప్ప తెలియని మా ఆయన, నట్టు దగ్గర సన్నని లీకుని కంటితో చూసి ఇంటికొచ్చి ఆ రాత్రంతా దాని గురించే చెప్పాడు. ఉప్పునీళ్ల ట్యాంకు ఎంత చల్లగా ఉంచాలి, డబ్బాల్లో దిమ్మ లోపలిదాకా గడ్డకట్టిందా లేదా, కంప్రెసర్ చప్పుడు మారితే ముందు ఏది చూడాలి, అన్నీ ఆయనే చెప్పారు. భాష సరిగ్గా కలవకపోయినా సగం హిందీ, సగం సైగలతో పని నేర్పేశారు.

నా ఉద్యోగం సంగతికొస్తే, ప్రైవేటు ల్యాబ్‌లో పని తొందరగానే దొరికింది గానీ హిందీ లేకపోతే ఇక్కడ అడుగు పడదు. బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్లు (జార్ఖండ్ వైపు నుంచి వచ్చినవాళ్లని ఇక్కడ అలా అంటారు), మలయాళీలు, నికోబారీలు, మనవాళ్లు, అందరినీ కలిపేది హిందీయే. నాకేమో స్కూల్లో చదివిన ముక్కలే. రక్తం తీసేముందు ఏం తిన్నారని అడగాలన్నా టెన్షన్. నాతో పనిచేసే అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, మూడో తరం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. రోజూ మధ్యాహ్నం రద్దీ తగ్గాక తను హిందీలో ఒక్కో మాటా చెప్పేది, నేను తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. పరగడుపున వచ్చారా, పిడికిలి బిగించండి, భయపడకండి, రిపోర్టు సాయంత్రం ఇస్తాం. నేను తడబడితే పేషెంట్ ముందు చిన్నబుచ్చకుండా తనే మాట అందించేది. ఇప్పుడు నేను హిందీలో పిల్లల్ని బుజ్జగించి సూది వేస్తున్నానంటే అది ఆ పిల్ల చలవే. చెల్లీ, నీకు తెలుగు చదవడం నేర్పుతానన్న మాట నాకు గుర్తుంది. ఈ పోస్టు నీకు నేనే చదివి వినిపిస్తాను.

నీళ్ల గురించి రాయకుండా ఉండలేను. ఇక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. కానీ కొండ నేల కావడంతో పడ్డ నీరు పడ్డట్టే సముద్రంలోకి పోతుంది. ఊరు ప్రధానంగా ధనీఖాడీ డ్యామ్ మీద ఆధారపడుతుంది. వానలు ఆగి ఎండలు ముదిరితే కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, అదీ కాసేపే వస్తుంది. గారాచర్మాకి మారిన కొత్తలో మాకు ఆ లెక్క తెలియదు. ఇద్దరం డ్యూటీలో ఉన్న వేళకి నీళ్లొచ్చి పోయేవి. పక్కింటి బెంగాలీ దీదీ మమ్మల్ని ఏమీ అడక్కుండానే తన పచ్చ పైపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఇంకో పైపు అతికించి, గోడ మీంచి మా నీలం డ్రమ్ములోకి వదిలేది. ఆవిడ ఇంట్లో ఐదుగురు. అయినా మా డ్రమ్ము నిండాకే తన డ్రమ్ములోకి మార్చుకునేది. "నేను ఇంట్లోనే ఉంటాను కదా, మీరు పనికి పోవాలి" అనేది. ఎండాకాలంలో నీటి కోసం అన్నదమ్ములే మాటామాటా అనుకోవడం మా ఊళ్లో చూశాను. అందుకే దీదీ చేసింది ఎంత పెద్ద పనో నాకు తెలుసు.

మా మామగారికి పక్షవాతం వచ్చిందని ఫోన్ వచ్చిన రాత్రి ఆ దీదీ భర్తే తన కార్డుతో మా ఆయనకి చెన్నై విమానం టికెట్ తీశారు. డబ్బులు ఎప్పుడిస్తారని ఒక్కసారీ అడగలేదు. మేమే కొంచెం కొంచెంగా తీర్చేశాం. మామగారు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, రోజూ వీడియో కాల్ చేస్తారు. చెన్నై నుంచి సముద్రం కింద వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాకే ఇది కుదిరిందని, అంతకుముందు ఒక్క ఫొటో పంపాలన్నా నానా తంటాలు పడేవాళ్లమని జంగ్లీఘాట్ బోట్ల మావయ్యగారు చెప్తారు. ముసలివాళ్లని వదిలి ఇంత దూరం వచ్చిన మాలాంటివాళ్లకి ఆ కేబుల్ ఎంత ధైర్యమో!

ఇంకా ఉన్నారు. డిసెంబర్‌లో 5 గంటలు దాటేసరికి చీకటి పడిపోతుంటే, నేను సందు దాటేదాకా కొట్టు లైటు ఆర్పకుండా ఉంచే కిరాణా భయ్యా. ఓడ ఆలస్యమై టమాటాలు కొనలేనంత ధర పలికినప్పుడు పెరట్లో కాసిన బీరకాయలు, అరటికాయలు తెచ్చిచ్చిన రాంచీ ముసలావిడ. ఫీనిక్స్ బే కౌంటర్లో ఓడ టికెట్ ఫారం నింపిపెట్టిన, మొహం కూడా సరిగ్గా గుర్తులేని కుర్రాడు. అందరికీ మా ఇద్దరి నమస్కారాలు.

అన్నాచ్చి ఈమధ్యే రిటైరై తూత్తుకుడి వెళ్లిపోయారు. బయల్దేరే రోజు మా ఆయన నైట్ డ్యూటీలో ఉండి కలవలేకపోయాడు, ఇప్పటికీ ఆ బాధ ఉంది. ఆయనకి తెలుగు రాదు. ప్లాంటులో పనిచేసే మన కుర్రాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆయనకి ఫోన్ చేసి తమిళంలో చెప్పండి: మీరు నేర్పిన కుర్రాడు ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయ్యాడు, కొత్తగా చేరిన ఇద్దరికి ఆ గంధకం వత్తి పట్టుకోవడం నేర్పుతున్నాడు అని.