జిల్లా వాన అంచనాలతో పాటు మోడల్ మార్కులూ ప్రచురించాలి

సంపాదకుడికి,

ఫలానా జిల్లాలో 2050 నాటికి వర్షపాతం ఇంత శాతం పెరుగుతుందనో తగ్గుతుందనో నివేదికలు, వాటి మీద వార్తలు తరచూ చూస్తున్నాం. ఆ అంకె ఇచ్చిన క్లైమేట్ మోడల్ (వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనా) అదే జిల్లాలో గడిచిన ముప్పై, నలభై ఏళ్ల వానల్ని ఎంతవరకు సరిగ్గా చూపిందన్నది మాత్రం వాటిలో అరుదుగా కనిపిస్తుంది. రైతుకైనా, చెరువు అలుగు పొడవు నిర్ణయించే ఇంజినీరుకైనా ముందు తెలియాల్సింది ఇదే.

ఉమ్మడి అనంతపురం జిల్లానే తీసుకోండి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమల చాటున ఉండటం ఇందుకు పెద్ద కారణం. ప్రపంచం మొత్తాన్ని గడులుగా విడగొట్టి లెక్కగట్టే మోడళ్లలో చాలావాటికి ఒక్కో గడి వెడల్పు వంద కిలోమీటర్లు, అంతకు పైనే. అంత పెద్ద గడుల్లో కనుమల ఎత్తు చుట్టుపక్కల నేలతో కలిసి సగటైపోయి తగ్గిపోతుంది. కనుమలే సరిగ్గా లేనప్పుడు వాటి చాటున ఉన్న సీమ లెక్క ఎలా కుదురుతుంది? 50, 25 కిలోమీటర్ల గడులున్న ప్రాంతీయ మోడళ్లు కొండల్ని మెరుగ్గానే చూపుతాయి. అయితే సరిహద్దుల దగ్గర గాలి, తేమ వివరాలను పెద్ద మోడల్ నుంచే తీసుకుంటాయి కాబట్టి దాని తప్పులూ కొన్ని వాటికి సంక్రమిస్తాయి.

ఏడాది సగటు కలిసిందని మోడల్ పాసైనట్టు కాదు. చాలా మోడళ్లు చిన్న చినుకుల్ని ఎక్కువ రోజులు కురిపిస్తాయి, కుండపోత వానల్ని తక్కువ చేసి చూపుతాయి. కూడితే మొత్తం సరిపోవచ్చు. కానీ వేరుశనగను ఎండబెట్టేది ఊడలు దిగే వేళ వచ్చే బెట్ట, చెరువు కట్టను తెంచేది ఒక్క రాత్రి వాన. అందుకే 2.5 మిల్లీమీటర్లు దాటిన వాన రోజులెన్ని, బెట్ట ఎన్నాళ్లు సాగింది, భారీ వానలు ఎన్నిసార్లు పడ్డాయి అన్నవి విడివిడిగా పోల్చి చూడాలి. నైరుతిని బాగా చూపిన మోడల్‌నే, ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడ్డ నెల్లూరుకు పరీక్షించకుండా వాడటం సరికాదు.

ఇంకో చిక్కు బయాస్ కరెక్షన్‌తో. మోడల్ అంకెల్ని పాత రికార్డులకు సరిపోయేలా సవరించి, ఆ రికార్డులతోనే పోల్చి 'బాగా కలిశాయి' అంటే అది పరీక్షే కాదు. సవరణకు వాడని సంవత్సరాలతో పోల్చాలి. పాత రికార్డులతో ఇలా పోల్చడం ఎందుకు అవసరమో చూడండి: 1951–2015 మధ్య దేశంలో నైరుతి వర్షపాతం దాదాపు 6 శాతం తగ్గిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక తేల్చింది. చాలా మోడళ్లు ఈ తగ్గుదలను పట్టుకోలేకపోయాయి.

మోడళ్లు మనకు కావాలి. ఉష్ణోగ్రతల విషయంలో వాటి మాట మరింత గట్టిది. వాన దగ్గరే జాగ్రత్త అవసరం. పోల్చి చూడటానికి భారత వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి గడులవారీ వర్షపాత వివరాలున్నాయి. ఇటీవలి ఏళ్లకు మండలాల్లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలూ ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లావారీ అంచనాలు విడుదల చేసేటప్పుడు, ఏ మోడళ్లు వాడారో, పై పరీక్షల్లో ఒక్కొక్కటి ఎలా నిలిచిందో తెలుగులో ఒక పేజీ జతచేయాలి. మోడళ్ల మధ్య తేడా ఎంతుందో కూడా అందులో ఉండాలి. పత్రికలు కూడా ఆ పేజీ అడిగి తీసుకుని, అంచనాతో పాటే ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అనంతపురం