అమ్మ కోసం కదిలిన మన బెంగళూరు మారతహళ్లి తెలుగువాళ్లకు

మన అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం వాళ్లందరికీ నమస్కారం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు గానీ, మీరు చేసిన సాయం చెప్పకుండా ఉండలేను.

అమ్మది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఐదో తరగతి వరకు చదివింది. చెప్పిందే మళ్లీ చెప్పడం, పొయ్యి మీద పాలు మరచిపోవడం ఎక్కువయ్యాయని తమ్ముడు అమెరికా నుంచి ఆన్‌లైన్ జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పంపాడు. అంతా ఇంగ్లిషే. ఒక అక్షరం ఇచ్చి, దానితో మొదలయ్యే మాటలు నిమిషంలో వీలైనన్ని చెప్పమంటుంది! వచ్చిన మార్కులు చూసి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

గ్రూపులో అడిగిన రాత్రే బి బ్లాకు అక్క ఇంటికొచ్చారు. ఆవిడ సైకాలజిస్టు. ఈ పరీక్షలు జబ్బు తేల్చవనీ, డాక్టరుకు చూపించాలా వద్దా అన్నంత వరకే పనికొస్తాయనీ ఓపిగ్గా చెప్పారు. డాక్టర్లు ఎక్కువగా వాడే మోకా అనే జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 26, ఆపైన వస్తే మామూలే అంటారట. చదువు 12 ఏళ్లు మించనివాళ్లకు ఒక మార్కు కలుపుతారట. ఇంగ్లిషు ముక్క రాని మా అమ్మలాంటివాళ్లకు ఆ ఒక్క మార్కు ఏ మూలకు? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేసిన ఇలాంటి పరీక్షలు తెలుగులోనూ, కన్నడలోనూ ఉన్నాయని కూడా ఆవిడ వల్లే తెలిసింది.

సెలవు పెట్టి మరీ నిమ్హాన్స్ మెదడు, నరాల ఆసుపత్రికి కారు తీసిన అన్నా, కౌంటరు దగ్గర కన్నడలో మాట్లాడిపెట్టిన అంకుల్, మీ రుణం ఎలా తీర్చుకోను? అక్కడ పరీక్ష చేసిన అమ్మాయి తెలుగులోనే అడిగింది. జంతువుల పేర్లు చెప్పమంటే అమ్మ బర్రె, ఎద్దు, పొట్టేలు, మేక, నక్క అని ఆగకుండా చెప్పుకుపోయింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. అది తగ్గినా మతిమరుపు వస్తుందట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు.

మన బ్లాకుల్లో ఎవరింట్లో పెద్దవాళ్లకు అవసరమొచ్చినా నన్ను పిలవండి, తోడొస్తాను. వాడే మాత్రలన్నీ, కళ్లద్దాలు, చెవి మిషను ఉంటే అదీ మరవకుండా తీసుకెళ్లాలి. నిద్రమాత్రల్లో కొన్ని కూడా మతిమరుపు తెస్తాయని డాక్టరు ముందు వాటి గురించే అడిగారు.