చెవిలో మోత వస్తోందంటే నాటకం అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. సంక్రాంతి సెలవులయ్యి వెళ్ళిన వారానికే ఫోన్ చేసి, అమ్మా లైట్లు తీసేసి పడుకుంటే చాలు రెండు చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టు ఉంటోంది, పగలేమో స్నానం చేసినప్పుడు నీళ్ళు పోయినట్టు దిబ్బడగా ఉంటోంది అని ఏడ్చింది. హాస్టల్లో చెప్తే పరీక్షలు దగ్గరపడితే పిల్లలందరికీ ఇలాంటివే వస్తాయి, ఇంటికి పోవడానికి నాటకాలు అన్నారంట. ఇంటికి తీసుకొచ్చాక నేను కూడా గుబిలి అయ్యుంటుందిలే అని వెల్లుల్లి కాచిన నూనె వేశాను, అలా వేయకూడదని తర్వాత డాక్టర్ గారు గట్టిగానే కోప్పడ్డారు.

చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గర వినికిడి టెస్ట్ చేశారు, చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి సౌండ్ వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటారే అది. రిపోర్ట్ అంతా నార్మల్, కర్ణభేరి బాగుంది, గుబిలి కూడా లేదు. నార్మల్ అనగానే సంతోషపడాల్సిన పిల్ల మొహం వాడిపోయి, "అయితే నేను అబద్ధం చెప్తున్నానని అందరూ అనుకుంటారు కదమ్మా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది, ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

డాక్టర్ గారు దాని చెంపల మీద, చెవికి కొంచెం ముందు వేళ్ళు పెట్టి పళ్ళు బిగించమన్నారు, అబ్బా అని అరిచింది. రాత్రిపూట పళ్ళు కొరుకుతావా అనడిగితే తనకి తెలీదంది, రూమ్మేట్‌కి ఫోన్ చేస్తే రోజూ కటకటమని కొరుకుతుంది ఆంటీ అని చెప్పింది. అప్పుడు డాక్టర్ గారు వివరంగా చెప్పారు. చెవి లోపల కర్ణభేరికి అతుక్కుని సుత్తి అనే చిన్న ఎముక ఉంటుందట, దాన్ని లాగే ఓ చిన్న కండరానికీ మనం నమిలే కండరాలకీ ఒకటే నరం, అందుకని టెన్షన్‌తో దవడ బిగుసుకుంటే చెవి కూడా దిబ్బడేసినట్టు, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు ఉండొచ్చు. ఇంక మోత సంగతంటారా, భయంలో ఉన్నప్పుడు మెదడు ప్రతి చిన్న శబ్దాన్నీ పట్టించుకుంటుంది, మామూలప్పుడు పక్కన పడేసే సన్నటి మోతని కూడా అప్పుడు ప్రమాదం అనుకుని పెద్దది చేసి వినిపిస్తుంది, అది విని ఇంకా భయం, దాంతో నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మోత ఇంకా ఎక్కువ. అంటే టెస్ట్ నార్మల్ వచ్చినా పిల్లకి ఆ మోత నిజంగానే వినపడుతోంది, భ్రమ కాదు!

అలాగని ప్రతిదాన్నీ టెన్షన్ ఖాతాలో వేసేయకూడదండి, ఇది కూడా తప్పకుండా రాయాలి. మా తోడికోడలు తమ్ముడికి ఒకరోజు పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడలేదు, ఆఫీసులో ఒత్తిడిలే అదే తగ్గుతుందని ఇంట్లోవాళ్ళు అంటే ఇరవై రోజులు ఆగాడు, ఆ చెవి మళ్ళీ రాలేదు. ఉన్నట్టుండి వినికిడి పోతే అది ఎమర్జెన్సీ, స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల్లో, అది కూడా ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, లేటయ్యేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. ఒక చెవిలోనే మోత వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినపడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా ముందు డాక్టర్‌కి చూపించాలి, టెన్షనా కాదా అనేది ఆ తర్వాత మాట.

మా అమ్మాయికి మోత బాధ కోసం పెద్ద మందులేం రాయలేదు. చెవుల్లో దూది పెట్టుకోవద్దన్నారు, బయట సౌండ్ ఆగిపోతే లోపలిది ఇంకా గట్టిగా వినపడుతుందట. చలిగా ఉన్నా టేబుల్ ఫ్యాన్ గోడ వైపు తిప్పి ఆ చప్పుడులో పడుకోమన్నారు, పెదాలు మూసి ఉన్నా పైపళ్ళు కిందిపళ్ళు తగలకుండా దవడ వదులుగా పెట్టడం అలవాటు చేసుకోమన్నారు, వేడి గుడ్డతో కాపడం, అన్నిటికంటే ముఖ్యంగా నిద్ర. కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళింది, అక్కడ ఆ మోతంటే భయపడకుండా ఉండటం నేర్పుతున్నారు. మోత పూర్తిగా పోలేదండి, కానీ ఇప్పుడు పదకొండింటికి పడుకుంటే పొద్దున అయిదింటిదాకా లేవట్లేదు.

హాస్టళ్ళు నడిపేవాళ్ళకి నా విన్నపం ఒకటే. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ పెట్టే చోట, చెవిలో హోరు అని ఒక పిల్ల చెప్తే తిట్టకుండా అమ్మానాన్నలకి ఫోన్ చేయించండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద అంటించండి, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎడిటర్ గారూ, మార్చి 3 ప్రపంచ వినికిడి దినం, సరిగ్గా మన పిల్లల పరీక్షల టైములోనే వస్తుంది, ఆరోజు మీ హెల్త్ పేజీలో చెవిటితనం గురించి ఎలాగూ రాస్తారు, దాంతోపాటు ఈ మోత గురించి కూడా ఒక డాక్టర్ గారితో రాయించండి.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తల్లి, తెనాలి