గర్భిణి భోజనం గురించి కర్ణాటక మహిళా శిశు అభివృద్ధి శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకుల వారికి నమస్కారాలు.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటు పక్కన, రేకుల షెడ్డులో, అనంతపురం జిల్లా నుంచి కూలికి వచ్చిన ఏడో నెల గర్భిణి ఒకామె ఉంటోంది. ఆమె పదకొండింటికి విప్పే సత్తు క్యారియర్‌లో చద్దన్నం, ఊరగాయ, నీళ్ల మజ్జిగ తప్ప నేనింకేమీ చూడలేదు. స్థానిక చిరునామా లేదని అంగన్‌వాడీలో పేరు రాసుకోలేదట. 2017లో మొదలైన మాతృపూర్ణ పథకపు వేడి భోజనం, గుడ్డు, పాలు ఆమెకు అందడం లేదు.

కడుపులో పోషణ చాలనప్పుడు పిండం ముందుగా మెదడును కాపాడుకుంటుంది. క్లోమం, కండరాలు, మూత్రపిండాల ఎదుగుదల కుంటుపడుతుంది. 1944-45 నాటి కరవులో నెదర్లాండ్స్‌లో తల్లి గర్భంలో ఉన్నవారికి, యాభయ్యేళ్లు వచ్చేసరికి, రక్తంలో చక్కెరను అదుపు చేసుకునే శక్తి తగ్గినట్లు తేలింది. మనకు మరింత దగ్గరిది పుణె పరిసర గ్రామాల్లో 1993లో మొదలైన అధ్యయనం. అక్కడి శిశువులు సగటున 2.7 కిలోలే తూగినా, ఒంట్లో కొవ్వు మాత్రం ఆ బరువుకు మించి ఉంది; బి12 విటమిన్ తక్కువగా, ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం మాత్రలతో అందే బి విటమిన్) ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ఇది మధుమేహానికి దారితీయవచ్చు) అధికంగా కనిపించింది. ఫోలిక్ ఆమ్లం మాత్రలు తప్పనిసరే (శిశువు మెదడు, వెన్నుపాము లోపాలను నివారించేవి అవే), కానీ వాటితోపాటు బి12 ఇచ్చే పాలు, గుడ్డు కూడా ఆమె నోటికి చేరాలి.

కాబట్టి పొరుగు రాష్ట్రపు గుర్తింపు కార్డు చూపినా పేరు నమోదు చేసుకోవాలనీ, అంగన్‌వాడీకి వచ్చి తినడానికి పూట కూలి వదులుకోలేని వారికి భోజనం పనిచోటికే పంపాలనీ ఆదేశించవలసిందిగా వేడుకుంటున్నాను. ఆమెకు ఇక రెండు నెలలే ఉన్నాయి.

ఇట్లు,
మారతహళ్లి నివాసి